స్కూల్ రేటింగ్ వెనక ఎవరున్నారు, ఎంత డబ్బుంది

(డాలస్ ప్రాంతపు తెలుగు తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వెనకాల కూర్చున్నవాళ్లు కాస్త ముందుకు రండి, స్లైడ్ మీద అంకెలు చిన్నగా ఉన్నాయి. ఒక్క మాట ముందే చెప్పేస్తాను. ఏ స్కూల్ డిస్ట్రిక్ట్‌లో, అంటే ఒక ప్రాంతపు ప్రభుత్వ బడులను నడిపే సంస్థ పరిధిలో, ఇల్లు కొనాలో నేను చెప్పను. మీ ఆఫీసు ఎక్కడ, మీ బడ్జెట్ ఎంత, మీ పిల్ల ఎలాంటిది, ఇవి తెలియకుండా ఆ సలహా ఇచ్చేవాళ్లను నమ్మకండి, వాళ్లు ఎంత దగ్గర బంధువులైనా సరే. ఇల్లు చూసేటప్పుడు ఫొటోల కింద స్కూల్ పేరు పక్కన పదికి తొమ్మిది, పదికి పది అని ఒక నంబరు కనిపిస్తుంది కదా, అది ఎలా తయారవుతుంది, దాని వెనక ఎవరి డబ్బు ఉంది, అది మాత్రం ఈ గంటలో చెప్పగలను.

జిల్లో, రెడ్‌ఫిన్ లాంటి సైట్లలో కనిపించే ఆ నంబరు గ్రేట్‌స్కూల్స్ అనే సంస్థది. పరీక్ష మార్కులు, పిల్లలు ఏడాదిలో ఎంత ముందుకెళ్లారన్న లెక్క, హైస్కూలైతే కాలేజీకి ఎంత సిద్ధమయ్యారన్నది, ఇవన్నీ కలిపి ఒక్క అంకె చేస్తారు. చెడ్డ ఉద్దేశం ఏమీ లేదు. కానీ అందులో బరువంతా పరీక్ష మార్కుల మీదే పడుతుంది, పరీక్ష మార్కులేమో చాలావరకు ఇంటి పరిస్థితిని బట్టి వస్తాయి. ఇది ఇవాళ కొత్తగా తెలిసింది కాదు. 1966లో జేమ్స్ కోల్‌మన్ అనే సామాజిక శాస్త్రవేత్త ఆరు లక్షల మందికి పైగా పిల్లల వివరాలు తీసుకుని అమెరికా ప్రభుత్వానికి ఒక నివేదిక ఇచ్చాడు. బడికి ఎన్ని సౌకర్యాలున్నాయన్న దానికన్నా ఇంట్లో అమ్మానాన్నల చదువు, ఆదాయం మార్కులను ఎక్కువగా నిర్ణయిస్తున్నాయని అందులో తేలింది. ఆ తర్వాత దాని మీద వాదోపవాదాలు చాలా జరిగాయి. ఆ ముఖ్యమైన మాట మాత్రం నిలబడింది.

ఇప్పుడు మన సంగతి చూడండి. అమ్మా నాన్నా ఇద్దరూ ఇంజనీర్లు, పిల్ల మూడో తరగతిలో ఉండగానే మ్యాథ్ ట్యూషన్, వేసవిలో స్పెల్లింగ్ బీ, శనివారం అబాకస్. ఇలాంటి ఇళ్లు వెయ్యి ఒకే చోట చేరితే ఆ బడి రేటింగ్ పెరగదా? పెరుగుతుంది. రేటింగ్ చూసి ఇంకో వెయ్యి ఇళ్లు వస్తాయి, ధరలు పెరుగుతాయి, ఆ ధర పెట్టగలిగినవాళ్లే వస్తారు, రేటింగ్ ఇంకా పెరుగుతుంది. బడి గొప్పదని మనం వెళ్తున్నామా, మనం వెళ్లడం వల్ల బడి గొప్పదైందా? రెండూ కొంత కొంత నిజమే. ఆ నంబరు మాత్రం రెంటినీ విడదీసి చెప్పలేదు. పీట మీద నిలబడ్డ పిల్లాడి ఎత్తు కొలిచి ఈ ఏడాది ఎంత పెరిగాడో చెప్పమన్నట్టుంటుంది.

పెరుగుదలను విడిగా కొలిచినవాళ్లు ఉన్నారు. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో షాన్ రీర్డన్ బృందం దేశంలోని అన్ని స్కూల్ డిస్ట్రిక్టుల పరీక్ష ఫలితాలను ఒకే కొలమానం మీదకు తెచ్చింది. షికాగో విషయంలో వాళ్లకు కనిపించింది చాలామందిని ఆశ్చర్యపరిచింది. పేద పిల్లలు ఎక్కువ, సగటు మార్కులు తక్కువ, పేపర్లలో ఎప్పుడూ చెడ్డ వార్తలే. అయినా అక్కడి పిల్లలు మూడో తరగతి నుంచి ఎనిమిదో తరగతి దాకా అయిదేళ్లలో ఆరేళ్ల చదువు నేర్చుకుంటున్నారని లెక్క తేలింది. అంటే బడి తన పని బాగానే చేస్తోంది, పిల్లలు మొదలుపెట్టిన చోటే వెనకబడి ఉంది. అలాగని షికాగోకి మారిపొమ్మని కాదు. (నవ్వులు)

టెక్సస్ సంగతికి వద్దాం. మన రాష్ట్రం బడులకు, డిస్ట్రిక్టులకు ఏ నుంచి ఎఫ్ దాకా గ్రేడ్ ఇస్తుంది. అందులో మూడు భాగాలుంటాయి. పిల్లలు స్టార్ అనే రాష్ట్ర పరీక్షలో ఎంత సాధించారన్నది ఒకటి, ఎంత ముందుకెళ్లారన్నది రెండోది, రకరకాల పిల్లల మధ్య తేడా ఎంత తగ్గిందన్నది మూడోది. మొదటి రెంటిలో ఏది ఎక్కువైతే దానికి 70 శాతం, మూడోదానికి 30 శాతం. ఆ రెండో భాగంలోనే ఒక మంచి లెక్క దాగుంది. మీ బడిలో పేద పిల్లలు ఎంత శాతమో, అంతే శాతం ఉన్న మిగతా బడులతో పోల్చి చూపిస్తారు. నన్నడిగితే మొత్తం గ్రేడ్ కన్నా ముందు చూడాల్సింది అదే. ఏ గ్రేడ్ వచ్చిందని అందరూ అడుగుతారు, ఆ పేజీ తెరిచినవాళ్లు నాకైతే పెద్దగా తగల్లేదు.

టెక్సస్ ఎడ్యుకేషన్ ఏజెన్సీ ఏటా ప్రతి డిస్ట్రిక్టుకీ ఒక నివేదిక పెడుతుంది, పేరు టీఏపీఆర్, టాపర్ అంటారు. పీడీఎఫ్, ఉచితం, బోరు కొడుతుంది. కానీ ఇల్లు కొనడానికి అయిదారు లక్షల డాలర్లు అప్పు చేసేవాళ్లు అరగంట దాన్ని చదవకపోవడం నాకు వింతగా ఉంటుంది. అందులో మీరు చూడాల్సిన మాటలు కొన్ని ఉన్నాయి. ‘అప్రోచెస్’ అంటే పాస్ అయ్యాడనే అర్థం, అంతకుమించి ఏమీ లేదు. ‘మీట్స్’ అంటే ఆ తరగతికి రావాల్సింది వచ్చింది. ‘మాస్టర్స్’ అంటే పై తరగతికి బాగా సిద్ధం. డిస్ట్రిక్ట్ వాళ్ల పోస్టర్ల మీద 90 శాతం అని కనిపిస్తే అది ఎక్కువగా అప్రోచెస్ నంబరే అయి ఉంటుంది.

చిన్న డిస్ట్రిక్ట్ అయితే ఇంకో జాగ్రత్త అవసరం. తరగతిలో 60 మంది ఉంటే ముగ్గురు పిల్లలు అటు ఇటు అయితే 5 శాతం మారిపోతుంది. పోయినేడు 82, ఈ ఏడు 77 అనగానే వాట్సాప్ గ్రూపుల్లో టెన్షన్ మొదలవుతుంది, ప్రిన్సిపల్‌ని మార్చాలంటారు. ముగ్గురు పిల్లలు, అంతే! చిన్న బడులను ఒక్క ఏడాది చూసి తీర్పు చెప్పకూడదు, మూడు నాలుగేళ్లు వరసగా పెట్టి చూడాలి. ఏదైనా గుంపులో పిల్లలు మరీ కొద్దిమందే ఉంటే ఆ గడిలో చుక్క గుర్తు పెట్టి వదిలేస్తారు, ఏ పిల్లాడి మార్కులో తెలిసిపోకూడదని. మంచి పద్ధతే.

అదే నివేదికలో జనాభా వివరాలుంటాయి. తెల్లవాళ్లు, హిస్పానిక్, నల్లజాతి, ఆసియా పిల్లలు ఎంతెంతమంది అని. మనవాళ్లు గబగబా ఆ పేజీకే వెళ్తారు, ఎందుకో మీకూ తెలుసు నాకూ తెలుసు. దాని కిందనే ఎకనామికల్లీ డిసడ్వాంటేజ్డ్ అని ఒక వరస ఉంటుంది. ఎక్కువగా ఉచితంగానో తగ్గింపు ధరకో భోజనానికి అర్హత ఉన్న పిల్లలు, అంటే ఇంటి ఆదాయం పేదరికపు గీతకు 185 శాతం లోపు ఉన్నవాళ్లు. టెక్సస్ మొత్తం మీద ఇది 60 శాతం పైనే. మనం ఉండే సబర్బ్‌ల్లో చాలా తక్కువ. ఈ ఒక్క వరస చూస్తే చాలాసార్లు ఆ బడి రేటింగ్ ఎంతో ముందే ఊహించవచ్చు.

ఇంకో వరస స్పెషల్ ఎడ్యుకేషన్, అంటే వైకల్యం వల్ల చదువులో ప్రత్యేక సాయం అవసరమైన పిల్లలది. దీని గురించి మనవాళ్లు బయటికి మాట్లాడరు కాబట్టి నేను మాట్లాడతాను. టెక్సస్‌లో చాలా ఏళ్లపాటు స్పెషల్ ఎడ్యుకేషన్ పిల్లలు 8.5 శాతం దాటకూడదన్నట్టు రాష్ట్రం ఒక లక్ష్యం పెట్టింది. దేశ సగటు అప్పట్లో 13 శాతం దాకా ఉండేది. 2016లో హ్యూస్టన్ క్రానికల్ పత్రిక దాన్ని బయటపెట్టింది, 2018లో కేంద్ర విద్యాశాఖ ఇది చట్టవిరుద్ధమని తేల్చింది. ఈ మధ్యలో సాయం అందాల్సిన వేలమంది పిల్లలకు అందలేదు. ఇప్పుడు ఆ శాతం బాగా పెరిగింది. అది ఎక్కువగా ఉన్న బడిని చూసి భయపడకండి, పిల్లలను గుర్తించి సాయం చేస్తున్నారని దాని అర్థం కావచ్చు. మాటలు ఆలస్యమైన పిల్లాడు ఇంట్లో ఉండి, ‘వాళ్ల నాన్న కూడా లేటుగానే మాట్లాడాడు’ అని అత్తగారు అంటున్నారని ఆగిపోయినవాళ్లెవరైనా ఇక్కడుంటే, సోమవారం డిస్ట్రిక్ట్‌కి రాతపూర్వకంగా ఇవాల్యుయేషన్, అంటే పిల్లాడికి ఆ సాయం అవసరమా అని చూసే పరీక్ష, అడగండి. నోటిమాట సరిపోదు, కాగితం మీదో ఈమెయిల్లోనో అడగాలి.

సరే, డబ్బు. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను.

మన ఊళ్లో జిల్లా పరిషత్ హైస్కూలుకు డబ్బు ఎక్కడినుంచి వచ్చేది? మాస్టారి జీతం రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చేది. ఊళ్లో ఇళ్ల ధరలకీ మాస్టారి జీతానికీ సంబంధం లేదు. ఇక్కడ అలా కాదు. స్కూల్ డిస్ట్రిక్ట్ అన్నది విడిగా ఒక ప్రభుత్వం, దానికి సొంత బోర్డు, సొంత పన్ను, సొంత సరిహద్దులు. సిటీకీ దానికీ పొత్తు కుదరదు. అర్వింగ్ సిటీలో ఉన్న ఇల్లు అర్వింగ్ డిస్ట్రిక్ట్‌లో ఉండొచ్చు, కొప్పెల్‌లో ఉండొచ్చు, కారల్టన్ ఫార్మర్స్ బ్రాంచ్‌లో ఉండొచ్చు. వ్యాలీ రాంచ్‌లో ఉండేవాళ్లకు ఇది బాగా తెలుసు.

ఇళ్ల పన్నుతో బడి నడిస్తే ఏమవుతుందో తెలియాలంటే శాన్ ఆంటోనియో వెళ్లాలి. 1968 మే నెలలో అక్కడి ఎడ్జ్‌వుడ్ హైస్కూల్లో వందలమంది పిల్లలు క్లాసులు వదిలి రోడ్డెక్కారు. బిల్డింగులు పాడైపోయాయి, అర్హత ఉన్న టీచర్లు లేరు, అదీ వాళ్ల గోడు. ఆ డిస్ట్రిక్ట్‌లో అప్పుడు దాదాపు 22 వేలమంది పిల్లలు, వాళ్లలో 90 శాతం మెక్సికన్ అమెరికన్లు. అదే నగరంలో ఆలమో హైట్స్ అనే చిన్న డిస్ట్రిక్ట్ ఉంది, ఆరు బడులు, సుమారు 5 వేల పిల్లలు, ఎక్కువమంది తెల్లవాళ్లు. ఇప్పుడు ఈ అంకెలు జాగ్రత్తగా చూడండి, సుప్రీంకోర్టు తీర్పులోనే ఉన్నాయి. ఎడ్జ్‌వుడ్ జనం ఆస్తి విలువలో ప్రతి 100 డాలర్లకు 1.05 డాలర్లు పన్ను కట్టారు, ఆ నగర ప్రాంతంలో అదే అత్యధికం. ఆలమో హైట్స్ వాళ్లు కట్టింది 85 సెంట్లు. మరి స్థానికంగా ఒక్కో పిల్లకు అదనంగా వచ్చింది ఎంత? ఎడ్జ్‌వుడ్‌లో 26 డాలర్లు. ఆలమో హైట్స్‌లో 333. రాష్ట్రం ఇచ్చింది 222, 225, అంటే ఇద్దరికీ దాదాపు సమానమే. కేంద్రం నుంచి ఎడ్జ్‌వుడ్‌కి 108, ఆలమో హైట్స్‌కి 36. అన్నీ కలిపితే ఒకచోట 356, ఇంకోచోట 594. ఎక్కువ పన్ను కట్టినవాళ్ల పిల్లలకే తక్కువ! కారణం ఒక్కటే, ఒక్కో పిల్లకు లెక్కేస్తే ఎడ్జ్‌వుడ్‌లో ఆస్తి విలువ 5,960 డాలర్లు, ఆలమో హైట్స్‌లో 49 వేల పైచిలుకు.

డెమెట్రియో రోడ్రిగెజ్ అనే తండ్రి, మరికొందరు తల్లిదండ్రులతో కలిసి కోర్టుకెళ్లాడు. 1973 మార్చిలో అమెరికా సుప్రీంకోర్టు 5-4 తేడాతో ఆయనకు వ్యతిరేకంగా తీర్పిచ్చింది. చదువు రాజ్యాంగంలో ప్రాథమిక హక్కు కాదని, ఇది రాష్ట్రాలు చూసుకోవాల్సిన సంగతి అని. ఆ కోర్టు జడ్జీల్లో ఒకరైన థర్గుడ్ మార్షల్ ఆ తీర్పుతో గట్టిగా విభేదించాడు. ఒక్క ఓటు అటు పడి ఉంటే ఇవాళ దేశం మొత్తం మీద బడుల డబ్బు లెక్క వేరేగా ఉండేది. ఆ తర్వాత పోరాటం రాష్ట్ర కోర్టులకు మళ్లింది. 1989లో టెక్సస్ సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీలూ ఒక్క మాట మీద ఈ పద్ధతి చెల్లదన్నారు, ఆ కేసులోనూ ముందున్నది ఎడ్జ్‌వుడ్ డిస్ట్రిక్టే. దాని ఫలితంగా 1993లో వచ్చిందే మనమందరం తిట్టుకునే రీక్యాప్చర్, జనం ‘రాబిన్ హుడ్’ అని పిలిచేది. ఆస్తి విలువ ఎక్కువున్న డిస్ట్రిక్ట్ తన అర్హతకు మించి వసూలైన డబ్బును రాష్ట్రానికి కట్టాలి.

‘మన టాక్స్ డబ్బు వేరేవాళ్లకు ఎందుకు’ అని అడిగేవాళ్లు ఆ 26, 333 ఒకసారి గుర్తుచేసుకోవాలి. నాకు రీక్యాప్చర్ మీద ఫిర్యాదు లేదా అంటే ఉంది, కానీ అది వేరు. మన ఇంటి విలువ పెరిగి టాక్స్ పెరిగితే స్కూలుకు డబ్బు పెరిగిందనుకుంటాం. పెరగదు. ఒక్కో పిల్లకు ఎంత అన్నది రాష్ట్రం ఫార్ములాతో నిర్ణయిస్తుంది. మన పన్ను పెరిగినకొద్దీ రాష్ట్రం తన వాటా తగ్గించుకుంటుంది, ఇంకా పెరిగితే మననుంచే తీసుకుంటుంది. ఆ ఫార్ములాకు మూలమైన అంకె, బేసిక్ అలాట్‌మెంట్, 2019లో 6,160 డాలర్లు చేశారు. తర్వాత కొవిడ్ వచ్చింది, గుడ్ల నుంచి బస్ డీజిల్ దాకా అన్నీ మండిపోయాయి, ఆ అంకె మాత్రం 2025 దాకా కదల్లేదు. 2025లో హౌస్ బిల్ 2 అనే రాష్ట్ర చట్టం కింద 8.5 బిలియన్ డాలర్లు ఇచ్చామన్నారు, నిజమే, అందులో పెద్ద భాగం టీచర్లు, సిబ్బంది జీతాలకని ముందే కేటాయించి ఇచ్చారు. బేసిక్ అలాట్‌మెంట్‌లో పెరిగింది 55 డాలర్లు.

ఈ ఫార్ములాలో మనకు సంబంధించినవి రెండున్నాయి. ఒకటి హాజరు. టెక్సస్‌లో డబ్బు పేరు రాయించుకున్న పిల్లలను బట్టి రాదు, రోజూ బడికి వచ్చినవాళ్ల సగటును బట్టి వస్తుంది. డిసెంబర్ సెలవులకు ముందు వారం, సంక్రాంతి దాకా ఇంకో రెండు వారాలు కలిపి ఇండియా వెళ్తాం కదా, టికెట్లు చవక అని, పెళ్లి ఉందని. ఊరికే ఉజ్జాయింపుగా బేసిక్ అలాట్‌మెంట్‌ని 175 బడి రోజులకు పంచితే రోజుకు 35 డాలర్లు. 15 రోజులు, ఇద్దరు పిల్లలు, వెయ్యి డాలర్ల పైన. ఒక్క ఎలిమెంటరీ స్కూల్లో వంద కుటుంబాలు అలా వెళ్తే ఎంతో మీరే వేసుకోండి, అది దాదాపు ఇద్దరు టీచర్ల జీతం. వెళ్లొద్దని నేను అనను, అమ్మమ్మను చూడాలి కదా. వేసవిలో వెళ్లగలిగితే వేసవిలో వెళ్లండి. పైగా ఆ తరగతి చదివినట్టు క్రెడిట్ రావాలంటే 90 శాతం హాజరు ఉండాలని చట్టం. అయితే పండగ సంగతి వేరు: మతపరమైన పవిత్ర దినానికి సెలవు పెడితే, ముందే చెప్పి, తప్పిపోయిన పని పూర్తిచేస్తే, హాజరైనట్టే లెక్క. దీపావళికి భయపడి కడుపునొప్పి అని రాయకండి, దీపావళి అనే రాయండి.

రెండోది ఇంటి భాష. బడిలో చేర్చేటప్పుడు ఒక ఫారం ఇస్తారు, ఇంట్లో ఏ భాష మాట్లాడతారని. మనం తెలుగులో పోట్లాడుకుంటూ ఇంగ్లీష్ అని రాస్తాం. (నవ్వులు) ఈఎస్ఎల్‌లో, అంటే ఇంగ్లీష్ సరిగా రాని పిల్లల క్లాసులో, పడేస్తారని భయం. నిజం రాస్తే పిల్లకు ఒక పరీక్ష పెడతారు, ఇంగ్లీష్ బాగా వస్తే అక్కడితో అయిపోతుంది. రాకపోతే సాయం దొరుకుతుంది, ఆ పిల్లకు బేసిక్ అలాట్‌మెంట్‌లో పదో వంతు అదనంగా డిస్ట్రిక్ట్‌కి లెక్కలోకి వస్తుంది.

‘స్టేడియం కట్టడానికి డబ్బుంది, టీచర్లకు లేదా’ అని ప్రతిసారీ ఎవరో ఒకరు అడుగుతారు. డాలస్ దగ్గరి ఆలెన్‌లో 18 వేలమంది పట్టే ఫుట్‌బాల్ స్టేడియం 60 మిలియన్ డాలర్లతో కట్టారు, 2012లో తెరిచారు, కాంక్రీట్‌లో పగుళ్లు వచ్చి 2014లో మూశారు, బాగుచేసి 2015లో మళ్లీ తెరిచారు. దేశమంతా నవ్వింది. కానీ అది బాండ్ డబ్బు, అంటే డిస్ట్రిక్ట్ తీసుకున్న అప్పు. పన్ను బిల్లులో రెండు భాగాలుంటాయి, రోజువారీ నడపడానికి ఒకటి, అప్పు తీర్చడానికి ఇంకొకటి. బాండ్‌కి జనం ఓటేస్తే దాంతో బిల్డింగులు, బస్సులు, లాప్‌టాప్‌లు కొనొచ్చు, జీతాలు ఇవ్వకూడదు. బాండ్ మీద వసూలైన పన్నుకు రీక్యాప్చర్ లేదు కాబట్టి, బిల్డింగులు కట్టడం సులువు, టీచర్‌ని నిలబెట్టుకోవడం కష్టం. మెరిసే బిల్డింగ్ చూసి డిస్ట్రిక్ట్‌కి డబ్బుందనుకోవద్దు అనేది అందుకే.

మంచి పేరున్న డిస్ట్రిక్టులకూ ఇబ్బంది తప్పదనడానికి కొప్పెల్ దగ్గరి ఉదాహరణ. సుమారు 13 వేలమంది పిల్లలు, సగానికి పైగా ఆసియావాళ్లు, అందులో మనవాళ్లు ఎంతమందో ఈ హాల్లోనే కనిపిస్తోంది. రేటింగులు పైస్థాయిలోనే ఉంటాయి. అయినా 2024 డిసెంబర్‌లో బడ్జెట్ లోటు వల్ల పింకర్టన్ ఎలిమెంటరీని మూసేయాలని బోర్డు ఓటేసింది. రేటింగ్ చూసి ఇళ్ల ధరలు పెరిగాయి, చిన్న పిల్లలున్న కుర్ర దంపతులు కొనలేకపోతున్నారు. పిల్లలు హైస్కూల్ దాటినవాళ్లు అదే ఇంట్లో ఉంటున్నారు. కిండర్‌గార్టెన్‌లో తగ్గిన ప్రతి పిల్లతో డబ్బూ తగ్గుతుంది, బిల్డింగ్‌కి ఏసీ బిల్లు మాత్రం తగ్గదు. ఎడ్జ్‌వుడ్‌ సంగతీ చెప్పాలి, ఆ 22 వేలు ఇప్పుడు 10 వేలలోపే. ఒకచోట పేదరికం, ఒకచోట సంపద, ఖాళీ క్లాసురూములు మాత్రం రెండుచోట్లా ఉన్నాయి.

ఇక ప్రశ్నలు. ఎవరో చెయ్యెత్తారు, చెప్పండి అన్నా.

హెచ్‌1బీ మీద ఉన్నాం, ఓటు లేదు, మనం బోర్డుకు ఏం చెప్పగలం అంటున్నారు. ఓటు లేదు, నిజమే. బోర్డు మీటింగులో మాట్లాడడానికి ఓటు అక్కర్లేదు, ముందే పేరు రాయించుకుంటే రెండు మూడు నిమిషాలు ఇస్తారు. ట్రస్టీలకు, అంటే బోర్డు సభ్యులకు, జీతం ఉండదు, వాళ్లూ మనలాగే ఉద్యోగం చేసుకుని సాయంత్రం వచ్చి కూర్చునేవాళ్లు, ఖాళీ హాలును చూసి చూసి విసిగి ఉంటారు. బడ్జెట్ మీద బహిరంగ విచారణ పెట్టకుండా బడ్జెట్ ఆమోదించకూడదు. వేసవిలో జరుగుతుంది, అప్పుడే మనం ఇండియాలో ఉంటాం, అదొక చిక్కు. వీసా సంగతి వచ్చింది కాబట్టి ఇంకో మాట: మన టెక్సస్‌లోని టైలర్ డిస్ట్రిక్ట్ నుంచే వెళ్లిన ప్లైలర్ కేసులో 1982లో సుప్రీంకోర్టు ఏం చెప్పిందంటే, కాగితాలు లేని కుటుంబాల పిల్లలకైనా సరే పబ్లిక్ స్కూలు ఉచితంగా చదువు చెప్పాల్సిందే. అదీ 5-4 తీర్పే. బడిలో చేరేటప్పుడు వీసా ఎంతకాలం ఉందన్న భయం పెట్టుకోకండి.

అమ్మా, మీరు. ఇల్లు కొనకుండా అదే డిస్ట్రిక్ట్‌లో అపార్ట్‌మెంట్‌లో ఉంటే పిల్లలను తక్కువగా చూస్తారా అని అడుగుతున్నారు. సీటు విషయంలో ఏ తేడా లేదు, సొంత ఇంటివాళ్ల పిల్లలకున్న హక్కే మీ పిల్లలకూ ఉంటుంది. పన్ను కట్టడం లేదని ఎవరైనా అంటే, అపార్ట్‌మెంట్ ఓనర్ కడుతున్నాడు, అది మీ అద్దెలోనే ఉంది. పైగా సొంత ఇంటివాళ్లకు స్కూల్ పన్ను మీద హోమ్‌స్టెడ్ మినహాయింపు 2023లో లక్ష డాలర్లు అయింది, 2025లో లక్షా 40 వేలకు పెరిగింది, అపార్ట్‌మెంట్ బిల్డింగ్‌కి అది లేదు. లీజు కాగితం, కరెంటు బిల్లు, పిల్ల బర్త్ సర్టిఫికెట్, టీకాల రికార్డు, ఇవి పట్టుకెళ్లండి. లీజు మీద సంతకం పెట్టేముందు మాత్రం లీజింగ్ ఆఫీసు వాళ్ల మాట నమ్మకుండా ఆ అడ్రస్‌ని డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్లో కొట్టి ఏ బడికి పడుతుందో చూసుకోండి. రోడ్డుకి ఇటువైపు బిల్డింగ్ ఒక డిస్ట్రిక్ట్, అటువైపు ఇంకొకటి కావచ్చు.